ఆడోళ్ల చిన్న దుకాణాలు: కొన్ని ఎందుకు నిలబడతయి, కొన్ని ఎందుకు మూతపడతయి?

సూదిదారం_హన్మకొండ
10 ఆగస్టు 2025, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మొన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం అయ్యేదాకా మిషన్ మీదికెళ్లి లేచే తీరిక లేకుండె. ఇయ్యాల కూర్చున్న.

మాది నయీంనగర్ దిక్కు. ఇంటి ముందటి రూముల బ్లౌజులు కుడతా, ఆరేండ్లయింది. రెండు కుట్టుమిషన్లు, ఒక పీకో మిషన్, చేతి కింద ఒక అమ్మాయి. ఈ ఆరేండ్లల్ల మా గల్లీల నాతో కలిపి ఏడుగురం ఆడోళ్లం ఏదో ఒకటి పెట్టుకున్నం. రెండు పార్లర్లు, ఒక కర్రీ పాయింట్, ఒక ఫ్యాన్సీ స్టోర్, పచ్చళ్లు, చీరలు, నాది. ఇప్పుడు నడుస్తున్నయి మూడే. మూతపడ్డ నాలుగింట్ల ఎవరూ చేతకానోళ్లు కాదు. పచ్చళ్లామె మామిడికాయ తొక్కు ఒక్కసారి తిన్నోళ్లు మళ్ల అడుక్కుంట వచ్చేటోళ్లు. చీరలామెకు రంగు చూసే కన్ను ఉండె, నా దగ్గరికి బ్లౌజు తెచ్చినోళ్లల్ల సగం మంది ఆమె చీరలే కట్టేటోళ్లు. అయినా ఆగిపోయినయి. నాకు అది మనసుల గుచ్చుకుంటనే ఉన్నది.

ఇప్పుడు నా ముచ్చట. మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ ఖాళీ అయింది. కిరాయి 9 వేలు, అడ్వాన్స్ 60 వేలు. లోన్ 3 లక్షలు తీసుకుంటే ఇంకో రెండు మిషన్లు, లైనింగ్ గుడ్డలు, ఫాల్స్ అన్నీ పెట్టుకోవచ్చు. దసరా గిరాకీకి ముందే పోవాలని ఉన్నది. భయం కూడ ఉన్నది. నిలబడ్డోళ్లు ఏం చేసిండ్రు, ఆగిపోయినోళ్లకు ఏం అడ్డం వచ్చింది? మీరు కండ్లార చూసింది చెప్పుండ్రి.


సకినాల_అక్క_పరకాల
11 ఆగస్టు, ఉదయం 6:15

చెల్లె, నేను తొమ్మిదేండ్ల సంది సకినాలు, మడుగులు, గరిజెలు చేసి అమ్ముతున్న. మొదటి నాలుగేండ్లు లాభం వస్తున్నదనే అనుకున్న. రాలే. ఎట్ల తెలిసిందో చెప్త.

ఒక సంక్రాంతికి మా బిడ్డ పాత నోట్‌బుక్కుల మిగిలిన పేజీల మీద నాతోని లెక్క రాయించింది. పది కిలోల బియ్యం 500. నువ్వులు కిలోన్నర 330. వాము, ఉప్పు 50. నూనె నాలుగు లీటర్లు 600. గ్యాస్ 250. కవర్లు, డబ్బాలు 120. అన్నీ కలిపి 1,850. పదకొండు కిలోలు దిగినయి. కిలో 280 లెక్కన 3,080. నేనైతే 1,230 మిగిలిందని సంబురపడ్డ. అప్పుడు బిడ్డ అడిగింది, "సుట్టనీకి వచ్చిన పక్కింటి ఆమెకు 500 ఇచ్చినవు గద, అది రాసినవా?" అని. అది తీస్తే 730. మళ్ల అడిగింది, "నీ కూలి ఏది?"

బియ్యం రాత్రి నానబోసి, పొద్దుగాల నీళ్లు వంచి గిర్నీ పట్టించి, పిండి కలిపి, పాత ధోతి గుడ్డ పరిచి సుట్టలు సుట్టాలె. జర ఆరినంక నూనెల వెయ్యాలె. పొద్దున నాలుగింటికి లేస్తే రాత్రి ఎనిమిది అయితది. ఆ 730 నా ఒక్కరోజు కూలి. లాభం అనేది దాంట్ల లేనే లేదు. నూనె ధర పెరిగితే ఆ కూలి కూడ పోతది.

మర్నాటి నుంచి కిలో 340 చేసిన. నలుగురు రావుడు మానేసిండ్రు. మిగిలినోళ్లు ఉన్నరు, కొత్తోళ్లు వచ్చిండ్రు. నువ్వు షట్టర్ తీసుకునే ముందు ఏడాది లెక్క రాయి. అందుల నీ కూలి వేరే గీత మీద రాయి.


రిటైర్డ్_ఫీల్డాఫీసర్
11 ఆగస్టు, ఉదయం 9:30

అమ్మా, నేను బ్యాంకు గ్రామీణ శాఖల్లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. లోన్ సంగతి వరకు నాకు తెలిసింది చెప్తాను.

ముద్రా పథకం 2015 ఏప్రిల్‌లో మొదలైంది. 50 వేల దాకా శిశు, అక్కడి నుంచి 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. మీరడిగే 3 లక్షలు కిశోర్ కిందికి వస్తుంది. ఈ పరిమితిలో ఇల్లో బంగారమో తాకట్టు అడగకూడదు. మీరు కుట్టుపని చేస్తారు కాబట్టి 2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకం కూడా చూడండి. అందులో చెప్పిన 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. ముందు లక్ష, అది తీర్చాక 2 లక్షలు, వడ్డీ 5 శాతం. పనిముట్లకు 15 వేలు వేరే. ఇంటికి ఒక్కరికే వర్తిస్తుంది. ఇంతకుముందు ముద్రా తీసుకుని ఉంటే అది పూర్తిగా కట్టేసి ఉండాలి. అయితే ఒక మాట. ఆ లక్ష 18 నెలల్లో తీర్చాలి, అంటే నెలకు సుమారు 5,800. వడ్డీ తక్కువని చూసి వాయిదా ఎంతో చూడని వాళ్లు చాలా మంది ఇబ్బంది పడ్డారు. పైగా పేరు నమోదు, పరిశీలన, శిక్షణ అన్నీ అయ్యాకే డబ్బు వస్తుంది. దసరాకు అందుతుందని లెక్క వేసుకోకండి.

గిరిగిరి వాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. పది వేలు రాసుకుని చేతికి తొమ్మిది వేలిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది. అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. లెక్క కడితే నూటికి నెలకు ఆరున్నర రూపాయల మిత్తి దాటుతుంది. కూరగాయల బండ్ల మీద బతికే ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇందులోనే తిరగడం చూశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.


కామర్స్_స్కాలర్_కేయూ
11 ఆగస్టు, మధ్యాహ్నం 1:10

నేను కాకతీయ యూనివర్సిటీలో ఇదే విషయం మీద చదువుతున్నాను. ఒక అంకె చెప్తాను. 2013-14 ఆరో ఆర్థిక గణనలో దేశంలో ఆడవాళ్ల యాజమాన్యంలో ఉన్న సంస్థలు దాదాపు 80 లక్షల 50 వేలు. మొత్తం సంస్థల్లో అది 13.76 శాతం. వాటిలో ఐదింట నాలుగుకు పైగా జీతానికి పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేనివి.

చదువు, శిక్షణ, పెట్టుబడి, ఇంటి సహకారం, మార్కెట్ అని పుస్తకాల్లో కారణాలు వరుసగా రాస్తారు. నేను కలిసి మాట్లాడిన వాళ్ల దగ్గర మాత్రం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఈ ఒంటరి చెయ్యే. ఆమెకు జ్వరం వస్తే దుకాణం బంద్. బిడ్డకు పరీక్షలు, అత్తకు ఆపరేషన్, చుట్టాలింట్లో పెళ్లి, ఏది వచ్చినా షట్టర్ దించేది ఆమే. వరుసగా మూడుసార్లు మూసి ఉంటే గిరాకీ ఇంకో దగ్గర అలవాటు పడుతుంది. అక్కా, మీ దగ్గర ఒక అమ్మాయి ఉంది అన్నారు. మీరు లేని రోజు ఆమె కటింగ్ చేయగలదా?


సూదిదారం_హన్మకొండ
11 ఆగస్టు, రాత్రి 11:05

చెల్లే, కటింగ్ రాదు. కాజాలు, హుక్కులు, హెమ్మింగ్ చేస్తది. నేర్పితే వెళ్లి సొంతం పెట్టుకుంటదేమో అని నేనే నేర్పలే. నువ్వు అడిగినంక నా మీద నాకు సిగ్గనిపించింది. రేపటి నుంచి పేపర్ కటింగ్ మొదలువెడత.


మడికొండ_అన్న
12 ఆగస్టు, ఉదయం 7:50

నేను మొగోణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో. కానీ ఒక మాట చెప్పాలె.

మా ఆమె కాజీపేటల కర్రీ పాయింట్ నడుపుతది. పప్పు, రెండు కూరలు, రసం, శనివారం పచ్చి పులుసు. మొదటి రెండేండ్లు సాయంత్రం నేను పోయి గల్లపెట్టెల కెళ్లి పెట్రోలుకని, చిట్టీకని, దోస్తు పెండ్లికని తీసేటోణ్ణి. ఇంట్ల పైసలే గద అనుకున్న. పొద్దున ఆమె కూరగాయలకు పోతే చేతుల పైసలు ఉండకపోతుండె. ఉద్దెరకు తెచ్చేది. ఉద్దెరకు తెస్తే మంచి టమాట ఇయ్యరు, ధర కూడ రెండు రూపాయలు ఎక్కువేస్తరు. కూర రుచి తప్పింది, గిరాకీ పడిపోయింది. నేనేమో వంట మంచిగ చేస్తలేవని ఆమెనే అన్న.

మా మరదలు ఒకనాడు ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం రాసింది. ఆ ఏడాది గల్లల నుంచి నేను తీసింది 70 వేలు దాటింది. తలకాయ ఎత్తలేకపోయిన. తెల్లారి ఆమె పేరు మీద బ్యాంకుల కరెంట్ అకౌంట్ తెరిచినం, ఫోన్‌పే స్కానర్ ఆ ఖాతాకే పెట్టించినం. నాకు కావాలంటే అడిగి తీసుకుంట, ఆమె రాసుకుంటది. ఇప్పుడు ఇద్దరు పనోళ్లున్నరు. మెనూ మారలే, జాగా మారలే.


సకినాల_అక్క_పరకాల
12 ఆగస్టు, ఉదయం 8:20

తమ్మీ, ఇది రాసినందుకు నీకు దండం. మా ఊర్ల నలుగురు మొగోళ్లకు సదివి వినిపిస్త.


సంఘం_లెక్కలు_జనగామ
12 ఆగస్టు, మధ్యాహ్నం 2:45

నేను గ్రామైక్య సంఘంల వీవోఏగా, అంటే ఆడోళ్ల పొదుపు సంఘాల లెక్కలు రాసే సహాయకురాలిగా పనిచేస్తున్న. అన్న చెప్పింది మేం ప్రతి ఊర్ల చూస్తం. ఆడామె పేరు మీద లోన్ వస్తది, పోయేది బోరు కాడికి, ఆటో ఫైనాన్స్ కాడికి. వాయిదా నాడు సంఘంల నిలబడేది మాత్రం ఆమె.

కానీ తప్పంతా ఇంటోళ్లదే అనుకోకుండ్రి. మా సంఘాల్లనే ఒక అలవాటున్నది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పది మంది సభ్యులు, బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే లోన్, 8 లక్షలు వస్తే తలా 80 వేలు పంచుకుంటరు. దుకాణం పెట్టేటామెకు 2 లక్షలు కావాలె, బర్రె కొనేటామెకు 90 వేలు, ఇంకొకామెకు ఇప్పుడు అసలు అవసరమే లేదు. అయినా సమానమే. కొట్లాట రావద్దని. దాంతోని వ్యాపారం చేసేటామెకు పెట్టుబడి సగంలనే ఆగుతది, మిగిలింది బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తది. అవసరం లేనామె పైసలు బట్టలకు, ఫోనుకు పోతయి.

రెండేండ్ల కింద ఒక సంఘంల ఈ పద్ధతి మార్పించిన. ఎవరు ఏం చేస్తరో, ఎంత కావాలో మీటింగ్‌ల అందరి ముందట చెప్పి తీర్మానం రాసుకోవాలె. మొదటిసారి మూడు గంటలు పంచాది అయింది. ఇద్దరు అలిగి వెళ్లిపోయిండ్రు. చివరకు ఒకామెకు 2 లక్షల 10 వేలు ఇచ్చినం, పిండిగిర్నీ పెట్టింది. కారం, పసుపు కూడ పడుతది. వాయిదా ఒక్కటి తప్పలే. అలిగినోళ్లు కూడ ఇప్పుడు ఆమె కాడనే కారం పట్టించుకుంటరు.


ములుగు_తొవ్వ
12 ఆగస్టు, రాత్రి 9:00

అందరూ లోపటి లెక్కలే చెప్తున్నరు. బయట జాగా, కాలం కూడ చూడాలె. నేను మేడారం జాతరల బెల్లం, కొబ్బరికాయలు అమ్ముత. నిరుడు, 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర అయితే ఆ నాలుగు రోజులు నేను నిద్రపోలే. సమ్మక్క సారలమ్మకు నిలువెత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారమంటరు) ఇచ్చేటోళ్లు ఉంటరు గద, ఒక్కొక్కలు యాభై అరవై కిలోల బెల్లం తూకం వేయిస్తరు. మళ్ల జాతర 2026 జనవరి ఆఖర్ల. నడ్మ రెండేండ్లు. జాతర పైసలు చూసి మొదటిసారి నేను తాడ్వాయిల కిరాయికి దుకాణం తీసుకున్న. ఆరు నెలలకు ఖాళీ చేసిన. జాతర గిరాకీ వేరు, ఊరి గిరాకీ వేరు.

చెల్లె, నువ్వు కూడ శ్రావణం గిరాకీ చూసి షట్టర్ అనుకుంటున్నవేమో చూసుకో. ఆషాఢంల, మూఢంల నీ దగ్గరికి ఎన్ని జాకెట్లు వచ్చినయో లెక్క తియ్యి. ఆ షట్టర్ ముందట రెండు సాయంత్రాలు ఊకె నిలబడు. నడిచిపోయే ఆడోళ్లు ఎంత మంది, ఆగేటోళ్లు ఎంత మంది? బండి మీద రయ్యిమని పోయేటోళ్లు ఎంత మంది ఉన్నా నీకు ఫాయిదా లేదు.


మడికొండ_అన్న
12 ఆగస్టు, రాత్రి 9:40

ఇంకొకటి మర్చిపోయిన. నయీంనగర్ అంటున్నవు గద అక్కా. 2020లో, మళ్ల 2023 జూలైల వానలకు అటు దిక్కు నాలా పొంగి దుకాణాల్లకు నీళ్లు వచ్చినయి. మా దోస్తు బట్టల దుకాణంల కింది వరస మొత్తం నానిపోయింది. షట్టర్ గట్టు రోడ్డుకు ఎంత ఎత్తున్నదో కొలువు. నీ దగ్గర ఉండేవి వేరేటోళ్ల పట్టుచీరలు.


కొత్తవాడ_మగ్గం
13 ఆగస్టు, ఉదయం 11:20

మాది కొత్తవాడ. వరంగల్ దర్రీలకు (నేల మీద పరిచే జంపఖానాలకు) 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే సర్కారు గుర్తింపు వచ్చింది. ఆ రోజు మా వాడల అందరం సంతోషపడ్డం. నిజంగనే మంచి పని. కానీ గుర్తింపు కాగితం తనంతట తనే ఒక్క దర్రీ కూడ అమ్మదు.

మా అమ్మ నలభై ఏండ్లు కండెలు చుట్టింది. మగ్గం మీద కూర్చున్న నాయనకు కూలి లెక్క కట్టిండ్రు. కండెకు లెక్క లేదు. అది ఇంటిపని కింద పోయింది. ఒక చేత్తో చరఖా తిప్పుకుంట, ఇంకో చేతి వేళ్ల నడ్మ నూలు పట్టుకుంటది. ఆ వేళ్ల మీద నూలు కోసిన గీతలు ఇప్పటికీ కనపడతయి. ఆడామె వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందుగాల అమ్మ వేళ్లు యాదికొస్తయి. పని ఆమెది, లెక్క ఇంకొకరిది.

నేను ముగ్గురు దోస్తులతో కలిసి మూడేండ్ల కింద నేరుగా అమ్ముడు మొదలువెట్టిన. నేర్చుకున్నది ఒక్కటే చెప్త. గిరాకీ అడిగిన కొలత మేం నేస్తలేకుండె. పెద్ద దర్రీలు తాతల కాలం నుంచి నేస్తున్నం, ఇప్పటోళ్లకు అపార్ట్‌మెంట్ల పూజ రూముకు, యోగాకు చిన్నవి కావాలె. కొలత మార్చినంక సరుకు ఆగలే. చెయ్యి మంచిగున్నా ఆగిపోయినోళ్లల్ల కొందరు ఇక్కడనే ఆగిపోయిండ్రేమో అని నా అనుమానం. చేసేది మంచిగ చేసిండ్రు గాని, కొనేటామెను అడగలే.


జగిత్యాల_చీరలు
13 ఆగస్టు, సాయంత్రం 5:30

నాది చిన్న డౌట్. నేను వాట్సాప్ గ్రూపులల్ల చీరలు అమ్ముతా, నెలకు లక్ష దాకా అయితుంది. 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదని యూట్యూబ్‌ల చెప్పిండ్రు. నిజమేనా సార్?


రిటైర్డ్_ఫీల్డాఫీసర్
13 ఆగస్టు, సాయంత్రం 7:15

కాదమ్మా. సరుకుకు 40 లక్షలన్నది చాలా రాష్ట్రాలకు సరే గాని, తెలంగాణలో పరిమితి 20 లక్షలే. నెలకు లక్ష అంటే ఏడాదికి 12 లక్షలు, ఇప్పటికి మీకు ఇబ్బంది లేదు. కానీ వేరే రాష్ట్రానికి మామూలు చీరలు పార్సిల్ పంపితే అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. మహారాష్ట్ర మీకు దగ్గర కాబట్టి చెప్తున్నాను. ఉద్యమ్‌లో (చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన వెబ్‌సైట్‌లో) నమోదు చేసుకోండి, అది ఉచితం. డబ్బడిగే వెబ్‌సైట్లు నమ్మకండి. తినే సరుకు అమ్మేవాళ్లు, ఏడాదికి 12 లక్షల లోపైతే, ఏటా వంద రూపాయలు కట్టి ఆహార భద్రత నమోదు తీసుకోండి.


సూదిదారం_హన్మకొండ
17 ఆగస్టు, రాత్రి 10:20

అక్కలు చెప్పినట్టే పాత ఆర్డర్ బుక్కులు తీసి మూడు రాత్రులు కూర్చున్న. ఏడాది మొత్తం తీస్తే నెలకు సగటున 24 వేల పని. శ్రావణంల 40 దాటింది, ఆషాఢంల 11 వేలే. అమ్మాయికి 8 వేలు, దారం, లైనింగ్, కరెంటు 3 వేలు. మిగిలేది 13 వేలు. అండ్ల నా కూలి కూడ ఉన్నది.

ఉద్దెర వేరే రాసిన. 14,600. అంతా సుట్టాలు, గల్లీ వాళ్లే. మొహమాటంతోని అడగలే.


రిటైర్డ్_ఫీల్డాఫీసర్
18 ఆగస్టు, ఉదయం 8:00

చాలా మంచి పని చేశారమ్మా. ఇప్పుడు మీరే చూడండి. 3 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే, వడ్డీ 11 శాతం అనుకున్నా వాయిదా నెలకు 6,500. కిరాయి 9 వేలు. కలిపి 15,500. మీకు మిగిలేది 13 వేలు. మొదటి నెల నుంచే పని పెరిగితే తప్ప మీ కూలి పోగా ఇంకా చేతి నుంచి పెట్టాలి. బ్యాంకు వాళ్లు లోన్ ఇవ్వొచ్చు కూడా. ఇస్తారు కాబట్టి తీసుకోవాలని లేదు.


కొత్తవాడ_మగ్గం
18 ఆగస్టు, ఉదయం 10:45

సార్ లెక్క సరైనదే. కానీ ఇంటి ముందటి రూములనే ఉంటే ఆ 24 వేలు 24 వేలుగనే ఉంటయి. భయపడి ఆగమని నేను చెప్పను. అక్కా, చీరలు అమ్మి ఆగిపోయినామె గురించి రాసినవు. ఆమె ఇప్పుడు ఏం చేస్తున్నది?


సూదిదారం_హన్మకొండ
24 ఆగస్టు, రాత్రి 9:50

చీరలామె ఏం చేస్తున్నదని కొత్తవాడ చెల్లె అడిగిన ఆ ఒక్క మాటతోని వారం రోజులు నిద్ర పట్టలే. చీరలామె ఇంటికి పోయిన. మిగిలిన స్టాకు ఇప్పటికీ బీరువాల ఉన్నది, నలభై చీరల దాకా. ఎందుకు ఆపినవని ఆరేండ్లల్ల మొదటిసారి అడిగిన. ఉద్దెర. ఆమెకు రావాల్సింది అప్పట్ల 82 వేలట. రూము లోపట ఎవరూ లేకున్నా చిన్నగ చెప్పింది.

ఇద్దరం కలిసి షట్టర్ తీసుకున్నం. ముందట అద్దాల దిక్కు ఆమె చీరలు, వెనుక నా మిషన్లు. కిరాయి చెరి 4,500. ఓనర్ అడ్వాన్స్ 40 వేలకు దిగిండు, అది కూడ చెరి సగం. నాకు చిట్టీ పైసలున్నయి. లోన్ 50 వేలే అడిగిన, ఒక్క మిషన్‌కు, లైనింగ్‌కు. మూడేండ్లకు నెలకు 16, 17 వందలు పడతదన్నరు. పదకొండు నెలల అగ్రిమెంట్ ఇద్దరి పేరు మీద రాపిచ్చినం. మా ఆయన సాక్షి సంతకం పెట్టిండు.

గట్టు కొలిచిన అన్నా, రోడ్డు మీదికెళ్లి రెండున్నర అడుగులు. అయినా పట్టుచీరలకు పై వరస అల్మారానే చేయిస్తున్నం. గల్లలు రెండు, తాళంచెవులు రెండు. బకాయిలల్ల 6 వేలు వసూలైనయి. మా చిన్నత్త కోపానికొచ్చింది గాని ఇచ్చింది.

అమ్మాయి పేపర్ మీద మూడు కటింగులు చేసింది. చంక దగ్గర కొలత ఇంకా తప్పుతున్నది. బతుకమ్మ సెప్టెంబరు 21కి మొదలు, అప్పటి వరకు గుడ్డ మీద చేయిస్త. బోర్డు రాసేటాయన పేరు అడుగుతున్నడు. ఇద్దరం ఇంకా అనుకోలే.